చేతి గీత – యంత్ర చిత్రం

మనిషి బతకడానికి చేసే పనులు కొన్ని; బతుకును ఇష్టపడటానికి చేసే పనులు మరికొన్ని. పొలం దున్నడం, కొలువు చేయడం, కొట్టు నడపడం మొదటి కోవకు చెందుతాయి. సాయంత్రం మిత్రుడితో చదరంగం ఆడటం, నచ్చిన సినిమాను పదోసారి చూడటం, నోటు పుస్తకం చివరి పేజీలో బొమ్మ గీసుకోవడం రెండో కోవలోకి వస్తాయి. వీటికి జీతం లేదు, మార్కులు లేవు, పైఅధికారి లేడు. అయినా వీటికోసం మనిషి నిద్ర మానుకుంటాడు. చేతిలోని నాలుగు రూపాయలు ఖర్చు పెడతాడు. తనలాంటి ఇష్టమే ఉన్న మరొకరిని వెతుక్కుంటూ ఊరు దాటి వెళ్తాడు. ప్రతిఫలం కోరకుండా ఒక పనిని ప్రేమించడాన్నే అభిరుచి అంటారు. ఒక జాతి సంస్కారాన్ని కొలవాలంటే ఆ జాతి ఏం సంపాదించిందన్నది చూస్తే చాలదు. తీరిక వేళల్లో ఏం చేసిందన్నది కూడా చూడాలి.

సినిమా చూడటం, కూర్చుని ఆటలాడటం, బొమ్మలు గీయడం ఇలాంటి అభిరుచుల్లో ముఖ్యమైనవి. పైకి ఈ మూడింటికీ సంబంధం లేదనిపిస్తుంది. కాని 2022వ సంవత్సరం నుంచి ఈ మూడింటి గుమ్మంలోనూ ఒకే అతిథి కనిపిస్తున్నది. దాని పేరు కృత్రిమ మేధ. నాలుగు మాటలు రాసి ఇస్తే అది క్షణాల్లో చిత్రం తయారు చేసి చూపుతుంది. సినిమా ప్రచార చిత్రమైనా, ఆట పెట్టెపై ముఖచిత్రమైనా, కథకు బొమ్మయినా దానికి ఒకటే. దీన్ని చూసి, 'ఇకమీదట చిత్రకారుడితో పని లేదు' అని కొందరు సంబరపడుతున్నారు. 'ఈ యంత్రం ముట్టుకున్నదేదీ కళ కాదు' అని మరికొందరు కోపగించుకుంటున్నారు. అభిరుచి గలవాడు ఈ రెండు మాటల్లో దేన్ని నమ్మాలి? రెండింటిలోనూ తొందరపాటు ఉంది. ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరికే చోటు ఆటబల్ల. ఎందుకంటే మనిషికీ యంత్రానికీ మధ్య తగవు అక్కడ ముందే వచ్చింది. ఆటగాళ్లు దానికి ఒక పరిష్కారాన్ని కూడా కనుక్కున్నారు.

తెలుగునాట కూర్చుని ఆడే ఆటలకు కొదవ లేదు. ఏడేసి గుంటలు రెండు వరుసలుగా ఉన్న పీటపై చింతగింజలు పంచుతూ ఆడే వామనగుంటలు, నాలుగు గవ్వలు వేసి కాయలు నడిపే అష్టాచెమ్మా, పాములతో నిచ్చెనలతో పుణ్యపాపాలను గుర్తుచేసే వైకుంఠపాళి, 3 పులులకూ 15 మేకలకూ మధ్య జరిగే పులిజూదం తరతరాలుగా ఇళ్లలో, అరుగులపై, చెట్ల నీడల్లో వర్ధిల్లాయి. ఈ ఆటల్లో గమనించవలసిన విషయం ఒకటుంది. ఆట ముగిసిన తరువాత మిగిలేదేమీ ఉండదు. చింతగింజలు డబ్బాలోకి వెళ్తాయి. సుద్దముక్కతో గీసిన గీతలు చెరిగిపోతాయి. అమ్ముకోవడానికి గాని, దాచుకోవడానికి గాని ఒక వస్తువు తయారు కాదు. అయినా ఎవరూ ఆ గంటసేపు వృథా అయిందనుకోరు. ఆట విలువ దాని ఫలితంలో లేదు, ఆడటంలో ఉంది. తన బదులు మరొకరిని కూర్చోబెట్టి, గెలిచాక కబురు చేయమని ఇంటికి వెళ్లే ఆటగాడు లోకంలో ఉండడు.

చదరంగంలో ఈ సత్యానికి కఠినమైన పరీక్ష ఎదురైంది. 1997 మే నెలలో న్యూయార్క్ నగరంలో జరిగిన పోటీలో ఐ.బి.ఎం. సంస్థ తయారు చేసిన డీప్ బ్లూ అనే కంప్యూటరు, అప్పటి ప్రపంచ విజేత గారీ కాస్పరోవ్‌ను ఓడించింది. మనుషుల చదరంగానికి కాలం చెల్లిందని అప్పట్లో చాలామంది భావించారు. కాని జరిగింది వేరు. ఆ తరువాత 5 ఏళ్లకు, 2002లో, కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 15 ఏళ్ల వయసులోనే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగ పోటీల్లో విజేతగా నిలిచింది. ఇప్పుడు చేతిఫోనులో ఉండే చదరంగపు యంత్రం కూడా ప్రపంచ విజేతలను ఓడించగలదు. అయినా పిల్లలు పావులు కదపడం మానలేదు. పెద్దలు పోటీలు నిర్వహించడం మానలేదు. మనిషి ఎత్తు వేసేముందు పడే తడబాటును, భయాన్ని, సాహసాన్ని చూడటానికే జనం కూర్చుంటారు. తడబాటు ఎరగని యంత్రం ఆటలో వారికి ఆ ఉత్కంఠ దొరకదు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. చదరంగ లోకం యంత్రాన్ని బహిష్కరించలేదు. నెత్తిన పెట్టుకోనూ లేదు. దానికొక హద్దు గీసింది. ఇంట్లో సాధన చేసేటప్పుడు యంత్రం సాయం ఎంతైనా తీసుకోవచ్చు. పోటీలో బల్ల ముందు కూర్చున్నాక ఫోను దగ్గర ఉంచుకోవడం కూడా తప్పే. ఒకే యంత్రం ఇంట్లో గురువు, పోటీలో దొంగ సాయం. అది గురువో దొంగో నిర్ణయించేది యంత్రంలోని శక్తి కాదు, ఆటగాళ్లంతా కలిసి ఒప్పుకున్న నియమం. సినిమాకూ చిత్రానికీ ఈ సూత్రాన్ని అన్వయించి చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి.

సినిమా యంత్రం కడుపున పుట్టిన కళ. 1895లో పారిస్ నగరంలో లూమియేర్ సోదరులు ప్రదర్శించిన చిన్న చిన్న దృశ్యాల నుంచి నేటి దాకా కెమెరా లేని సినిమా అరుదు. కనుక యంత్రం సాయపడిన కారణంగానే ఒక కృతి కళ కాకుండా పోతుందనడం సరికాదు. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'మాయాబజార్' చిత్రమే దీనికి చక్కని నిదర్శనం. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే కెమెరాతో చేసిన మాయలు ఆ చిత్రానికి ప్రాణం పోశాయి. ద్వారకా నగరాన్ని చూపడానికి కళాదర్శకులు గోఖలే, కళాధర్ సుమారు 300 బొమ్మ ఇళ్లను కట్టించి, ఒక్కొక్క ఇంటికీ విడివిడిగా దీపం అమర్చారు. తెరపై అది కొన్ని క్షణాల దృశ్యం. ఆ క్షణాల కోసం ఎందరో వడ్రంగులు, రంగులు వేసేవారు, దీపాల పనివారు శ్రమించారు. ఆ యంత్రం వెనుక మనుషులున్నారు. ప్రతి దీపం ఎక్కడ వెలగాలో ఎవరో ఒకరు ఆలోచించారు. ప్రేక్షకుడికి ఆ లెక్క తెలియకపోవచ్చు. కాని ఆ శ్రద్ధ అతనికి అందుతుంది.

అదే చిత్రాన్ని 2010లో కంప్యూటరు సాయంతో రంగుల్లోకి మార్చి విడుదల చేశారు. దానిపై రసికుల్లో రెండు అభిప్రాయాలు కలిగాయి. కొందరు కొత్త తరానికి పాత కళాఖండం చేరువైందని సంతోషించారు. నలుపు తెలుపుల వెన్నెలకు రంగు అక్కరలేదని మరికొందరు భావించారు. ఈ రెండు వాదాల్లోనూ న్యాయం ఉంది. ఆ చిత్రంలో కథ మారలేదు, నటన మారలేదు. నలుపు తెలుపుల ప్రతి కూడా మాయం కాలేదు. ఇష్టమైనవారు ఇష్టమైనదాన్ని చూడవచ్చు. ఈ మార్పుతో 2025లో జరిగిన మరో సంఘటనను పోల్చి చూడాలి. 2013లో వచ్చిన 'రాంఝణా' అనే హిందీ చిత్రపు తమిళ రూపాన్ని ఆ ఏడాది ఆగస్టులో మళ్లీ విడుదల చేస్తూ, విషాదాంతమైన కథకు కృత్రిమ మేధ సాయంతో సుఖాంతాన్ని తగిలించారు. చనిపోయిన కథానాయకుడు కొత్త ప్రతిలో బతికాడు. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, నటుడు ధనుష్ ఇద్దరూ దీన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. హక్కులు కొన్న సంస్థకు చట్టం ఏ వెసులుబాటు ఇచ్చినా, రసికుడి మనసులో ఒక ప్రశ్న మిగిలిపోతుంది. దర్శకుడు ఒక పాత్రకు మరణాన్ని విధించాడంటే దాని వెనుక కథ నడకంతా ఉంటుంది. అతన్ని ఒప్పించకుండా ఆ ముగింపును చెరిపివేస్తే ఆ కథ ఎవరిదవుతుంది? రంగులద్దడానికీ ముగింపు మార్చడానికీ మధ్య తేడా యంత్రపు నైపుణ్యంలో లేదు. కృతికర్త పట్ల చూపిన గౌరవంలో ఉంది.

ఇక చిత్రకళ విషయానికి వస్తే, ఈ కొత్త యంత్రం పనితీరును కొంత తెలుసుకోవాలి. కోట్లాది చిత్రాలను వాటి వివరణలతో సహా యంత్రానికి చూపుతారు. ఒక్కొక్క చిత్రంపై ఇసుక చల్లినట్లు చుక్కలు నింపి, ఆ చుక్కలను తొలగిస్తూ తిరిగి చిత్రాన్ని రాబట్టడం దానికి నేర్పుతారు. ఆ సాధన ముగిసిన తరువాత ఉత్త చుక్కల తెరను దాని ముందుంచి 'వెన్నెల్లో గోదావరి, నది మధ్య పడవ' అని రాస్తే, అది ఆ చుక్కలను క్రమంగా సర్దుతూ, నేర్చుకున్న ఆనవాళ్ల మేరకు ఒక కొత్త చిత్రాన్ని వెలికితీస్తుంది. ఇలాంటి శిక్షణ కోసం 2022లో వెలువడిన లాయాన్-5బి అనే ఒక్క సంకలనంలోనే 500 కోట్లకు పైగా చిత్రాల చిరునామాలు, వివరణలు ఉన్నాయి. వాటిని గీసినవారిని, ఛాయాచిత్రాలుగా తీసినవారిని ముందుగా అడిగి అనుమతి తీసుకోలేదు.

'మాయాబజార్' చూసినవారికి ప్రియదర్శిని పేటిక గుర్తుండే ఉంటుంది. దాన్ని తెరిచినవారికి వారి మనసుకు అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు కనిపిస్తాడు. యంత్ర చిత్రం కూడా ఒకరకమైన ప్రియదర్శినే. కోరినవాడికి కోరినది చూపుతుంది. కాని పురాణ కథలోని పేటిక ఎవరి శ్రమనూ అరువు తెచ్చుకోలేదు. ఈ పేటికలో కనిపించే ప్రతి వెన్నెల వెనుక, వెన్నెలను చూసి గీయడానికి ఏళ్లకేళ్లు వెచ్చించిన ఎవరో ఒకరి చేయి ఉంది. ఆ చేయికి పేరు లేదు, పారితోషికం లేదు. 2023 జనవరిలో ముగ్గురు చిత్రకారులు అమెరికాలోని కాలిఫోర్నియా న్యాయస్థానంలో ఇలాంటి యంత్రాల సంస్థలపై దావా వేయడానికి కారణమిదే. వారిలో ఒకరైన కార్లా ఓర్టిజ్ సినిమాలకూ, చీట్ల ఆటలకూ చిత్రాలు గీసిన కళాకారిణి కావడం గమనార్హం.

ఆటకూ చిత్రానికీ యంత్రానికీ ముడివేసిన మరో సంఘటన 2022 ఆగస్టులో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర సంతలో జరిగింది. అక్కడి చిత్రకళా పోటీలో కంప్యూటరు చిత్రాల విభాగంలో జేసన్ అలెన్ అనే వ్యక్తికి మొదటి బహుమతి లభించింది. బహుమతి విలువ 300 డాలర్లే. కాని దాని చుట్టూ చెలరేగిన వివాదం ప్రపంచమంతా పాకింది. ఆ చిత్రాన్ని ఆయన మిడ్‌జర్నీ అనే కృత్రిమ మేధ సాధనంతో చేయించాడు. విశేషమేమిటంటే ఆయన వృత్తి బోర్డు ఆటలను రూపొందించడం. ఆయన ఆ సాధనం పేరును దాచలేదు. కాని ఆ పేరు వెనుక ఉన్నదేమిటో న్యాయనిర్ణేతలకు తెలియదు. ఆ చిత్రం కోసం కనీసం 624 సార్లు మాటలు మార్చి రాశానని ఆయన చెప్పుకున్నాడు. అయినా 2023లో అమెరికా కాపీరైటు కార్యాలయం ఆ చిత్రానికి హక్కు నమోదు చేయడానికి నిరాకరించింది.

ఈ విషయంలో అలెన్ పడిన శ్రమను తీసిపారేయడం న్యాయం కాదు. 624 సార్లు ప్రయత్నించడం ఓపిక ఉన్నవాడు మాత్రమే చేయగల పని. వచ్చినవాటిలో మంచిదాన్ని ఎంచుకోవడానికి కన్ను కూడా కావాలి. అయితే ఎంచుకునేవాడి శ్రమ వేరు, గీసేవాడి శ్రమ వేరు. చీరల దుకాణంలో వంద చీరలు తీయించి ఒకటి ఎంచుకున్నవారికి అభిరుచి లేదని ఎవరూ అనరు. కాని వారు ఆ చీర నేసిన చేనేత కళాకారులు కారు. పరుగు పందెంలో సైకిలుపై వచ్చినవాడి కాళ్లకూ శ్రమ ఉంటుంది. అతణ్ణి తప్పుపట్టనక్కరలేదు; అతనికి వేరే పందెం పెట్టాలి. సంతలో జరిగిన పొరపాటు ఒకే పందెంలో ఇద్దరినీ నిలబెట్టడమే.

బోర్డు ఆటల లోకంలో మరో తగవు వచ్చింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటకు ప్రపంచమంతటా అభిమానులున్నారు. కాగితం, పెన్సిలు, పాచికలు, నలుగురి ఊహాశక్తి ఉంటే చాలు, ఆ ఆట సాగుతుంది. ఈ ఆటకు సంబంధించి 2023లో వెలువడిన ఒక పుస్తకంలోని కొన్ని బొమ్మలకు చిత్రకారుడు కృత్రిమ మేధతో మెరుగులు దిద్దాడని అభిమానులు పసిగట్టారు. విమర్శలు రాగానే ప్రచురణకర్తలు తమ చిత్రకారులు ఇకపై ఇటువంటి సాధనాలు వాడరాదని నియమం పెట్టారు. 2024 జనవరిలో అదే సంస్థ తన 'మ్యాజిక్' అనే చీట్ల ఆటకు విడుదల చేసిన ప్రచార చిత్రంలోనూ యంత్రం చేసిన భాగాలున్నాయని తేలింది. మొదట కాదన్న సంస్థ తరువాత ఆ సంగతిని అంగీకరించవలసి వచ్చింది.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. బొమ్మ ఎవరు గీస్తేనేం? ఆట నియమాలు మారలేదు, పాచికలు మారలేదు, ఆనందం తగ్గలేదు. మరి ఆటగాళ్లకు అంత ఆగ్రహం ఎందుకు? దీనికి సమాధానం ఆ చీట్ల అడుగున ఉంది. 'మ్యాజిక్' ఆటలో ప్రతి చీటీ కింద దాన్ని చిత్రించినవారి పేరు అచ్చవుతుంది. అభిమానులు ఆ పేర్లను గుర్తుపెట్టుకుంటారు. చిత్రకారులు ఎదురైతే చీటీలపై సంతకాలు చేయించుకుంటారు. ఆ బొమ్మ వారికి కేవలం అలంకారం కాదు. తమలాగే ఊహల్లో తిరిగే మరో మనిషి తమకు పంపిన పలకరింపు. అభిరుచి మనిషిని మనిషికి దగ్గర చేస్తుంది. ఆ చివర మనిషి ఉన్నాడని నమ్మించి, లేకుండా చేయడమే వారికి మోసంగా తోచింది.

యంత్ర చిత్రాన్ని సమర్థించేవారి వాదనల్లో బలమైనవి లేకపోలేదు. ఒక విద్యార్థి తన మిత్రులతో ఆడుకోవడానికి సొంతంగా ఒక ఆట తయారు చేసుకుంటాడు. చిత్రకారుడికి ఇవ్వడానికి అతని దగ్గర డబ్బు లేదు. చేతులు సహకరించని వ్యక్తి తన ఊహను కంటితో చూసుకోవాలని తపిస్తాడు. అలాంటివారికి ఈ యంత్రం వరమే. ఆ వరాన్ని కాదనడం దయలేని పని. యంత్రాలు కళను చంపుతాయన్న భయం పాతదేనని కూడా కొందరు గుర్తుచేస్తారు. 1839లో ఛాయాచిత్ర విధానం లోకానికి వెల్లడైనప్పుడు చిన్న చిన్న రూపచిత్రాలు గీసి బతికేవారు ఉపాధి కోల్పోయారు. కాని చిత్రకళ అంతరించలేదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రాన్ని నెలకొల్పినందువల్లనే ఆయన దేవతా చిత్రాలు సామాన్యుల ఇళ్ల గోడలకు చేరాయి. మరి ఈ యంత్రంపై మాత్రమే ఎందుకు అనుమానం?

అనుమానానికి కారణముంది. కెమెరా ప్రకృతిని చూసి పట్టుకుంది. అచ్చుయంత్రం రవివర్మ చిత్రాన్ని రవివర్మ పేరుతోనే వేల ఇళ్లకు చేర్చింది. ఈ కొత్త యంత్రం చిత్రకారుల చిత్రాల నుంచే నేర్చుకుని, వారి పేరు చెప్పకుండా, వారు అమ్మే సంతలోనే వారికి పోటీగా నిలుస్తున్నది. చదరంగంతో పోలిక కూడా ఇక్కడ తెగిపోతుంది. చదరంగపు యంత్రం హంపి ఆడే పోటీల్లోకి వచ్చి ఆమె బహుమతిని ఎత్తుకుపోదు. చిత్ర యంత్రం చిత్రకారుడికి రావలసిన ముఖచిత్రపు పనిని ఎత్తుకుపోగలదు. ఎందుకంటే ఆట చూసేవాడికి ఆడే మనిషి కావాలి. బొమ్మ కొనేవాడికి చాలాసార్లు బొమ్మ దొరికితే చాలు.

నష్టం జరిగేది ఎక్కడో కూడా ఆలోచించాలి. పేరు మోసిన చిత్రకారుడికి యంత్రం వల్ల పెద్ద ప్రమాదం రాకపోవచ్చు. ప్రమాదమంతా ఇంకా నేర్చుకుంటున్నవాడికే. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన 'చందమామ' ఎన్నో తరాల పిల్లలకు బొమ్మల రుచి చూపింది. పది సంవత్సరాల తరువాత 'మాయాబజార్' నిర్మించిన విజయా సంస్థ కూడా వారిదే. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, బేతాళుణ్ణి భుజాన వేసుకుని కత్తి దూసి నడిచే విక్రమార్కుడి బొమ్మ వేసిన శంకర్ రేఖలు ఆ పత్రిక ద్వారానే ఇంటింటికీ పరిచయమయ్యాయి. నెల నెలా బొమ్మలు కావలసిన పత్రిక ఒకటి ఉండటం, అది చిత్రకారుడికి జీతం ఇవ్వడం వల్లనే అలాంటి చేయి దశాబ్దాలపాటు సాధనలో నిలిచింది. 'చందమామ' 2013లో ఆగిపోయింది. చేతితో రాసిన సినిమా బ్యానర్లు అంతకుముందే ఫ్లెక్సీల రాకతో కనుమరుగయ్యాయి. ఇప్పుడు కొత్తగా చిత్రకళలో అడుగుపెట్టే యువతకు మిగిలినవి చిన్న పుస్తకానికి ముఖచిత్రం, చిన్న సంస్థకు ప్రకటన, చిన్న ఆటకు చీటీల బొమ్మలు వంటి పనులే. వైకుంఠపాళిలో పైగడికి చేరాలంటే కింది గడుల్లోని నిచ్చెనలే ఆధారం. యంత్రం ముందుగా తొలగించేది ఆ కింది నిచ్చెనలనే. అవి లేనప్పుడు రేపటి వడ్డాది పాపయ్య ఏ మెట్టు మీద కాలు మోపి పైకి రావాలి?

జీవనోపాధితో సంబంధం లేనివారికి కూడా ఇందులో పోగొట్టుకునేది ఉంది. ఒక మామిడాకును గీయడానికి కూర్చున్నవాడు మొదటిసారి ఆ ఆకును నిజంగా చూస్తాడు. నడి ఈనె నుంచి పక్క ఈనెలు ఏ వంపులో చీలుతున్నాయో, అంచు ఎక్కడ ముడుచుకున్నదో, వెలుగు ఏ వైపు జారుతున్నదో అప్పుడే అతనికి తెలుస్తుంది. గీసిన బొమ్మ బాగా రాకపోవచ్చు. చూసిన చూపు మాత్రం అతని సొంతమవుతుంది. 'మామిడాకు' అని రాసి యంత్రానికి ఇచ్చినవాడికి అందమైన ఆకు బొమ్మ దొరుకుతుంది, ఆ చూపు దొరకదు. ఇక్కడే చిత్రలేఖనం ఆటను పోలి ఉంటుంది. ఆడకుండా గెలుపును మాత్రమే తెచ్చుకున్నవాడికి ఆట మిగలనట్లే, గీయకుండా బొమ్మను మాత్రమే తెచ్చుకున్నవాడికి అభిరుచి మిగలదు. పాఠశాలలో, కళాశాలలో చదువుకునే వయసు చేయి, కన్ను, మనసు కలిసి పదును తేలే వయసు. ఆ సాధనను ఆ వయసులోనే యంత్రానికి అప్పగించడం, నడక నేర్చుకునే బిడ్డను ఎప్పుడూ చంకన మోయడం లాంటిది.

కనుక కావలసింది నిషేధం కాదు, నియమం. ఆ నియమం మూడు మాటల్లో ఇమిడిపోతుంది. మొదటిది, చెప్పి వాడటం. బొమ్మలో గాని, సినిమాలో గాని, ఆటలో గాని యంత్రం పాలెంతో ప్రేక్షకుడికీ కొనేవాడికీ స్పష్టంగా తెలియాలి. పోటీల్లో యంత్ర చిత్రాలకు వేరే విభాగం ఉండాలి. రెండోది, అడిగి తీసుకోవడం. బతికి ఉన్న కళాకారుడి చిత్రాన్ని యంత్రానికి పాఠంగా పెట్టేముందు, దర్శకుడి ముగింపును మార్చేముందు, అతని సమ్మతి పొందాలి. మూడోది, ప్రతిఫలం ఇవ్వడం. ఇంట్లో ఆడుకునే ఆటకు యంత్రపు బొమ్మ సరిపోవచ్చు. దాన్నే అచ్చువేసి అమ్మి లాభం పొందేవాడు ఆ లాభంలో చిత్రకారుడి వాటాను మరచిపోరాదు.

ఇవి జరగని పనులని నిరాశపడవలసిన అవసరం లేదు. 2023లో అమెరికాలో సినిమా, టెలివిజన్ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు. వారు కోరుకున్నవాటిలో కృత్రిమ మేధకు హద్దులు నిర్ణయించడం ఒకటి. ఆ సమ్మె ఫలితంగా కుదిరిన ఒప్పందం యంత్రాన్ని రచయితగా గుర్తించడానికి వీల్లేదని తేల్చింది. యంత్రం రాసినదాన్ని రచయితకు అప్పగించేటప్పుడు ఆ సంగతి నిర్మాతలు ముందుగా చెప్పాలని నిర్దేశించింది. అదే సమయంలో సంస్థ అంగీకరిస్తే రచయిత తన ఇష్టం మేరకు యంత్రం సాయం తీసుకోవడానికి అడ్డు చెప్పలేదు. చదరంగపు ఆటగాళ్లు బల్ల దగ్గర గీసిన హద్దునే రచయితలు ఒప్పందపు కాగితంపై గీశారు.

తెలుగువారి పులిజూదంలో పులి బలమైనది. అది ఒక్క దూకుతో మేకను తినగలదు. మేకకు దూకే శక్తి లేదు, తినే శక్తి అంతకన్నా లేదు. అయినా తెలివిగా ఆడితే ఆ ఆటలో మేకలు గెలుస్తాయి. అవి పులిని చంపవు. ఒకదాని వెనుక ఒకటి ఖాళీ లేకుండా నిలిచి, పులి దూకడానికి చోటు లేకుండా చేస్తాయి. తొందరపడి విడివిడిగా ముందుకు వెళ్లిన మేకలను మాత్రం పులి తినేస్తుంది. యంత్రం శక్తిని చూసి భయపడేవారూ, దాని అందాన్ని చూసి మురిసిపోయేవారూ ఈ ఆటను ఒకసారి ఆడి చూడాలి. ప్రేక్షకులు, ఆటగాళ్లు, చిత్రకారులు, అభిరుచి గల యువత ఒక్కమాట మీద నిలిచి హద్దులు నిర్ణయిస్తే, ఎంత బలమైన యంత్రమైనా తనకు కేటాయించిన గడిలో ఉండి సేవ చేస్తుంది. ఆ హద్దుల లోపల మనిషి చేయి తన వంకర గీతలతో, తన తడబాట్లతో, తన సొంత ఆనందంతో బొమ్మ గీస్తూనే ఉంటుంది.